చదివిపెట్టే ఉద్యోగం

ఆ ఏడు ఎండాకాలం నాకెలాగైనా ఉద్యోగం దొరకాలని పట్టుబట్టాను. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు అయిపోయాయి. క్లాసులో సగం మంది ఏదో ఒక పని చేసుకుంటూ చదువుకుంటున్నారు. నేను మాత్రం మెట్రో కార్డు రీఛార్జికి కూడా నాన్న ముందు నిలబడుతున్నాను.

మొదట సరోజినీ నగర్ మార్కెట్లో ఒక బట్టల దుకాణానికి వెళ్ళాను. యజమాని నన్ను ఎగాదిగా చూసి, "బేటీ, గొంతు ఉందా నీకు? ఒక్కసారి కస్టమర్ని పిలిచి చూపించు," అన్నాడు. గుమ్మంలో నిలబడి "ఆయియే దీదీ" అన్నాను. పక్క కొట్టు వాళ్ళు కూడా నవ్వారు. తర్వాత నోయిడాలో కాల్ సెంటర్. రాత్రి షిఫ్టని తెలియగానే అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తనివ్వలేదు. మా పై అంతస్తులో దీపు అనే పిల్లకి ట్యూషన్ చెబుతానంటే వాళ్ళమ్మ, "హారికా దీదీని ఆల్రెడీ పెట్టుకున్నాం," అని తలుపు వేసేసింది.

"సెక్షనాఫీసరు కూతురివి. నీకెందుకమ్మా ఈ తిప్పలు?" అనేవాడు నాన్న. ఆయన పేరు సదాశివరావు. ఢిల్లీ వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినా ఆఫీసు నుంచి రాగానే లుంగీ కట్టుకుని, అమలాపురంలో అరుగు మీద కూర్చున్నట్టు జనక్‌పురి బాల్కనీలో కూర్చునేవాడు.

ఉద్యోగం చివరికి నాన్న ద్వారానే వచ్చింది. వాళ్ళ ఆఫీసు డిప్యూటీ సెక్రటరీ పార్థసారథి గారు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. అంత పెద్ద అధికారి మా ఇంటికి రావడం అదే మొదటిసారి. అమ్మ కంగారులో టీలో చక్కెర రెండుసార్లు వేసింది.

"మా మేనల్లుడు నిరంజన్ అని, ఒంగోలు నుంచి వచ్చాడమ్మా," అన్నారాయన నాతో. "తెలివైన కుర్రాడు. పాపం, ఏడాదిగా చూపు పోతోంది. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటికి ఎదురుగా మనిషి కదిలితే కదలిక తెలుస్తుందంతే. పుస్తకాలు చదివిపెట్టడానికి, పరీక్షలో వాడు చెప్పింది రాయడానికి తెలుగొచ్చిన మనిషి కావాలి. మీ ఇంట్లో నీకిది అలవాటేనట కదా. జీతం ఇస్తాం."

అలవాటే. మా అన్నయ్య సాయిప్రకాష్‌కి ఇంటర్లో రేచీకటి మొదలైంది. ఎమ్మే పూర్తయ్యేసరికి వెలుగూ చీకటీ తప్ప ఇంకేం మిగల్లేదు. అన్నయ్య ఫోను అన్నయ్యకి చాలావరకు చదివి పెడుతుంది. అది చదవలేని పుస్తకాలు నేను చదివేదాన్ని. అలా చదవడాన్ని ఉద్యోగం అంటారని, దానికి జీతం కూడా ఉంటుందని ఆరోజే తెలిసింది. అన్నయ్య పకపకా నవ్వాడు. "అయితే ఇన్నాళ్ళూ నా దగ్గర నువ్వు వెట్టిచాకిరీ చేశావన్నమాట!"

నిరంజన్ మా వీధి చివర పీజీ హాస్టల్లో ఉండేవాడు. నల్లకళ్ళద్దాలు, ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మాట. మొదటి రోజు నేను చదువుతుంటే మధ్యలో ఆపి, "వీణా, నీకు గొంతు ఎండిపోతోంది, నీళ్ళు తాగు," అన్నాడు. అలా కనిపెట్టి చెప్పేవాళ్ళు మా ఇంట్లో అన్నయ్య ఒక్కడే. ఆ మాట ఇంటికొచ్చి చెబితే అన్నయ్య, "అతన్ని ఇక్కడికే రమ్మను. ఇద్దరం చదివేది ఒకే పరీక్షకి కదా, ఒక్కసారి చదివితే ఇద్దరికీ సరిపోతుంది," అన్నాడు.

అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష. అందులో చూపు లేనివాళ్ళకి కేటాయించినవి కొద్ది పోస్టులే. ఇద్దరూ వాటికే పోటీ. అన్నయ్య ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

జూన్ నెలంతా మా హాల్లో కూలర్ ముందు గడిచింది. నేను చదివేదాన్ని, వాళ్ళిద్దరూ వాదించుకునేవాళ్ళు. కరెంటు పోతే పుస్తకం మూసి మామిడిపళ్ళ మీద పడేవాళ్ళం. అమ్మ గోంగూర పచ్చడి కలిపితే నిరంజన్, "ఆంటీ, మా అమ్మ చేతి ముద్ద గుర్తొచ్చింది," అనేవాడు. రెండోరోజుకే అమ్మ అతనికి విడిగా ఒక కంచం కేటాయించింది.

నేను అన్నిటికంటే ఎక్కువ చూసింది అన్నయ్యని. చూపు పోయాక అతని స్నేహితులు ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఫోన్లు చేసేవాళ్ళు, వచ్చేవాళ్ళు కాదు. నిరంజన్ రోజూ వచ్చేవాడు. వాళ్ళిద్దరూ సాయంత్రం భుజం మీద చెయ్యేసుకుని డిస్ట్రిక్ట్ పార్కు దాకా వెళ్ళేవాళ్ళు. అన్నయ్య తన తెల్లకర్ర అతని చేతికిచ్చి నడక నేర్పేవాడు.

"కర్రని గట్టిగా పట్టుకోకురా. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకో. అదే చెబుతుంది నీకు."

"సర్టిఫికెట్ కోసం వెళ్తే డాక్టర్ల బోర్డు ముందు ఏమడిగారు సాయీ నిన్ను?" అని ఒకరోజు నిరంజన్ అడిగాడు.

అన్నయ్య అన్నీ చెప్పాడు. టార్చి ఎలా వేస్తారో, వేళ్ళు ఎంత దూరంలో పెట్టి లెక్క అడుగుతారో, చెప్పకుండా ఒక్కసారి చెయ్యి కంటి మీదికి ఎందుకు తెస్తారో. "అబద్ధం చెప్పేవాడు ఉలిక్కిపడతాడని," అని నవ్వాడు. "మనకేం భయంరా, మనం ఉలిక్కిపడం."

నిరంజన్ కూడా నవ్వాడు. ఇంకో రోజు అన్నయ్య అతనికి, అమ్మ ముఖం తనకి గుర్తుండటం మానేస్తోందని చెప్పాడు. ఆ మాట మాలో ఎవరికీ అంతవరకూ చెప్పలేదు. నేను పక్కనే ఉండి, పేజీ వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

పరీక్షకి స్క్రైబ్ పేరు ఇవ్వాల్సిన రోజు వచ్చింది. స్క్రైబ్ అంటే అభ్యర్థి చెప్పింది రాసిపెట్టే మనిషి. మనమే తెచ్చుకోవచ్చు, లేదా వాళ్ళే ఇస్తారు. నేను ఒకరికే రాయగలను.

"సొంత అన్న ఉండగా బయటివాళ్ళకి రాయడమేంటే?" అంది అమ్మ.

"వాడికే రాయనీ అమ్మా," అన్నాడు అన్నయ్య. "దాని ఉద్యోగం కదా అది. పైగా వాడికిది కొత్త. చూపు పోయిన మొదటేడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొత్తవాళ్ళతో నేను నెట్టుకొస్తాను."

నిరంజన్ ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. అతని మంచితనం అనుకున్నాను.

జూలైలో మొదటి వానలు పడ్డ వారం, ఇద్దరూ కోచింగ్ సెంటర్లో మాక్ టెస్టుకి బయల్దేరారు. అమ్మ వంటింట్లో ఉంది. నేను గుమ్మం దగ్గర చెప్పు తొడుక్కుంటున్నాను. అన్నయ్య హడావుడిలో చొక్కా గుండీలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు. కాలరు ఒకవైపు పైకి లేచింది. నేను చెప్పబోయేలోపే నిరంజన్, "ఉండు సాయీ," అని దగ్గరికొచ్చాడు. గుండీలు విప్పి, ఒక్కొక్కటీ సరైన కాజాలో పెట్టి, కాలరు మడిచి సరిచేశాడు. చెయ్యి ఎక్కడా తడబడలేదు. చంటిపిల్లాడికి చేసినట్టు, ఎంతో ప్రేమగా చేశాడు.

అన్నయ్య కదలకుండా నిలబడ్డాడు. "థాంక్స్ రా," అన్నాడు.

ఆటోలో అన్నయ్య ఆ గుండీలని ఒక్కొక్కటీ తడుముకుంటూ కూర్చున్నాడు. సాయంత్రం తిరిగొచ్చి చాలాసేపు మంచం మీద కూర్చున్నాక నన్ను పిలిచాడు.

"పొద్దున గుండీలు పెట్టినప్పుడు వాడు ముందు తడిమి చూశాడా?"

"లేదన్నయ్యా."

"నాకూ వేళ్ళు తగల్లేదు. నేరుగా గుండీ దగ్గరికే వచ్చాయి." మళ్ళీ తనే, "గుమ్మం దగ్గర వెలుతురు బాగుంటుందిగా," అన్నాడు. "ఒక్కోసారి బాగా వెలుతురుంటే కాస్త కనబడుతుంది. నాకూ అలాగే ఉండేది మొదట్లో."

ఆరోజు ఆకాశం నిండా మబ్బుంది. గుమ్మంలో లైటు కూడా వెయ్యలేదు. ఆ సంగతి నేను అన్నయ్యకి చెప్పలేదు.

మర్నాడు పీజీకి వెళ్ళాను. నిరంజన్‌ని పార్కుకి రమ్మన్నాను. తడిసిన బెంచీ మీద కూర్చున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక సూటిగా అడిగేశాను.

"నిరంజన్ గారూ, మీకు కనబడుతుంది కదా?"

అతను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న నన్ను తిన్నగా చూశాడు. అన్ని వారాలు పక్కన కూర్చున్నా అతని కళ్ళు నేను చూడటం అదే మొదలు.

"పవర్ చాలా ఎక్కువ వీణా. లెన్సులు లేకపోతే నిజంగానే ఏమీ కనబడదు. లెన్సులుంటే..." ఆగాడు. "మూడుసార్లు రాశాను. మూడుసార్లూ కొద్దిలో పోయింది. ఇంటి దగ్గర ముఖం చూపించుకోలేక చచ్చిపోదామనుకున్నాను. మావయ్యే ఈ దారి చెప్పాడు. డాక్టర్ సంగతి ఆయనే చూసుకున్నాడు."

"మా ఇంటికి కూడా ఆయనే పంపించారా? మా అన్నయ్య దగ్గర నేర్చుకోమని?"

"మొదట అందుకే వచ్చాను," అన్నాడు. "తర్వాత రోజూ అందుకే రాలేదు. ఒట్టు. సాయికి చెప్పకు, ప్లీజ్. తట్టుకోలేడు."

"కనిపెట్టింది అన్నయ్యే."

"ఏమన్నాడు?" అన్నాడు అతను.

"వెలుతురు బాగుందేమో అన్నాడు."

నిరంజన్ రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. నాకు జాలి వేయలేదు. కళ్ళున్నవాడు ఏడుస్తున్నాడనిపించిందంతే. మీకు నేను రాయనని చెప్పి వచ్చేశాను.

నాన్నకి చెబితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. నాన్న ఆఫీసు నుంచి ఒక్క పెన్సిలు కూడా ఇంటికి తేని మనిషి. ఆ సాయంత్రం బాల్కనీలో తలుపు దగ్గరగా వేసి మొత్తం చెప్పాను. అన్నయ్య అప్పుడు కోచింగ్‌లో ఉన్నాడు. నాన్న ఆశ్చర్యపోతాడని ఎదురు చూశాను. ఆయన లుంగీ అంచు మడత పెట్టుకుంటూ కూర్చున్నాడు.

"తలుపు గట్టిగా వేశావా?" అన్నాడు.

నాకు అప్పుడే అర్థమైంది.

"నీకు తెలుసా నాన్నా?"

"ఏప్రిల్లో ఆఫీసు గేటు దగ్గర చూశాను. పార్థసారథి గారి కారు వాడే నడుపుకుంటూ వచ్చాడు. తర్వాత నెలకి ఆయన మనింటికి వచ్చి చూపు లేదన్నారు. నేనేం చెయ్యను?" నాన్న గొంతు తగ్గించాడు. "సాయికి మా డిపార్టుమెంటులో కాంట్రాక్టు పోస్టు ఇప్పిస్తానన్నారమ్మా. పరీక్షలు నమ్ముకుని ఎన్నాళ్ళు? నేను రిటైరయ్యాక వాడినెవరు చూస్తారు? ఒక్క పరీక్ష. వెళ్ళి వాడు చెప్పింది రాసేసి రా. రాసేది నువ్వు కాదు, నీ చెయ్యి. అంతే."

"అన్నయ్య పోస్టుకే నాన్నా వాడు పోటీ!"

"నాకు తెలియదనుకున్నావా?" అని కసిరాడు. వెంటనే కళ్ళు తిప్పుకున్నాడు.

పరీక్ష ఘాజియాబాద్‌లో పడింది. ముందురోజు కడుపునొప్పని మంచమెక్కాను. నాన్న మంచం దగ్గర నిలబడి చూసి వెళ్ళిపోయాడు. పార్థసారథి గారు నిరంజన్‌కి పలుకుబడితో ఇంకెవరినో చూశారు. పేర్లిచ్చే గడువు దాటింది కాబట్టి నేను అన్నయ్యకి రాయడానికి వీల్లేకపోయింది. అన్నయ్య వెంట అమ్మ వెళ్ళింది. అన్నయ్యకి వాళ్ళిచ్చిన కుర్రాడికి ఇంగ్లీషు స్పెల్లింగులు రాక, ప్రతి మాటా అక్షరం అక్షరం చెప్పాల్సి వచ్చిందట. చివరి ప్రశ్నలకి టైము చాలలేదట.

"ఇట్స్ ఓకే, మరోసారి," అన్నాడు అన్నయ్య చెప్పులు విడుస్తూ. తర్వాత, "నిరంజన్ అక్కడ నా గొంతు విని కూడా పలకలేదు వీణా. సెంటర్ అదే. వాడి దగ్గు నాకు తెలుసు," అన్నాడు. ఇక దాచలేకపోయాను. పార్కులో జరిగింది చెప్పాను. నాన్న మాట మాత్రం చెప్పలేదు. ఆ ఒక్కటీ నా నోట రాలేదు.

అమ్మ అంతా విని వంటింట్లోకి వెళ్ళింది. నిరంజన్ కంచం తీసి పనిమనిషికి ఇచ్చేసింది. "నా చేతి అన్నం తిన్నాడే," అని ఆ మాటే పదే పదే అంది.

తర్వాతి ఆదివారం పార్థసారథి గారు వచ్చారు. చేతిలో స్వీట్ల డబ్బా, ఒక కవరు. కవరులో అన్నయ్య పేరు మీద కాంట్రాక్టు ఉద్యోగం ఆర్డరు. ఎప్పుడూ వచ్చే చుట్టంలా కుర్చీలో కూర్చున్నారు.

"కంగ్రాట్స్ సాయీ. ఫస్టు తారీకు నుంచి వచ్చెయ్. కూర్చుని చేసే పనే. మన పిల్లల మధ్య ఏవో చిన్న అపార్థాలొచ్చాయని విన్నాను. అవన్నీ పెద్దవి చేసుకోవద్దు. వీణా, నువ్వు కూడా ఎక్కడా ఏమీ రాయడాలూ పంపడాలూ పెట్టుకోకు తల్లీ. ఠీక్ హై?"

అన్నయ్య ఆయన మాట వచ్చిన వైపు ముఖం తిప్పాడు. "ఇది దేనికి బదులుగా అంకుల్?"

"బదులేముందోయ్? మీ నాన్నగారికి మే నెలలోనే మాటిచ్చాను. నిరంజన్‌ని గురించి మీ ఇంటికి వచ్చిన రోజే."

నాన్న సోఫా అంచున కూర్చుని నేలకేసి చూస్తున్నాడు.

"నాన్నా," అన్నాడు అన్నయ్య. "వాడికి కనబడుతుందని నీకు ముందే తెలుసా?"

నాన్న నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. తర్వాత తల మెల్లగా, అవునన్నట్టు ఊపాడు.

మేమందరం చూశాం. అన్నయ్య ఎదురుచూస్తూనే ఉన్నాడు. కాసేపటికి అతనికి అర్థమైనట్టుంది.

"తల ఊపితే నాకెలా తెలుస్తుంది నాన్నా? నోటితో చెప్పు."

"తెలుసు," అన్నాడు నాన్న.

"సరే," అన్నాడు అన్నయ్య. లేచి చేత్తో వెతికి ఆ కవరు అందుకున్నాడు. పార్థసారథి గారి చేతిలో పెట్టాడు. "వర్షం వచ్చేలా ఉంది అంకుల్. బయల్దేరండి," అన్నాడు. ఆయన వెళ్ళాక స్వీట్ల డబ్బా అలాగే టీపాయ్ మీద ఉండిపోయింది. చీమలు పట్టాక అమ్మ పారేసింది.

ఫిర్యాదు నేనూ అన్నయ్యా కలిసి రాశాం. అన్నయ్య చెప్పాడు, నేను రాశాను. పరిశీలిస్తున్నామని జవాబొచ్చింది. ఆ తర్వాత ఏ జవాబూ రాలేదు. ఫలితాల్లో నిరంజన్ పేరుంది. అన్నయ్య పేరు లేదు.

దసరా వెళ్ళాక అన్నయ్య ఘాజియాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో హిస్టరీ టీచరుగా చేరి, అక్కడే గది తీసుకున్నాడు. రోజూ మెట్రోలో వెళ్ళి రావచ్చు కదా అని అమ్మ ఏడ్చింది. వెళ్ళి రావచ్చు. అతను మాత్రం ఆదివారాలే వస్తాడు. అమ్మతో, నాతో మాట్లాడతాడు. నాన్న ఏదైనా అడిగితే మర్యాదగా జవాబు చెబుతాడు, ఇంటికొచ్చిన అతిథితో మాట్లాడినట్టు. నాన్న ఇంకొక్క ప్రశ్న వేద్దామని వెతుక్కుంటాడు, దొరకదు. లేచి బాల్కనీలోకి వెళ్ళిపోతాడు. ఆఫీసులో నాన్నని ఎక్కడో మూల సెక్షన్‌కి మార్చారు. దాని గురించి ఇంట్లో ఎవ్వరం ఏమీ అడగలేదు. నేను ఇప్పుడు ఒక లైబ్రరీలో సాయంత్రాలు పని చేస్తున్నాను. ఈసారి నాన్నకి చెప్పి వెతుక్కోలేదు.

మొన్న డిసెంబరులో ఒక మధ్యాహ్నం అన్నయ్య గదికి వెళ్ళాను. అతని ఫోనుకి నిరంజన్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. డిలీట్ చేయమంటాడనుకున్నాను. పెట్టమన్నాడు. కొత్త ఉద్యోగం ట్రైనింగు గురించి ఒక్క ముక్క లేదు. అమ్మ ఎలా ఉందని, పార్కుకి వెళ్తున్నావా అని, క్షమించమని అడగడానికి కూడా ముఖం లేదని. చివర్లో మాట ఆగిపోయి, ఊపిరి మాత్రం కొంతసేపు వినబడింది. అన్నయ్య ఆ ఊపిరి ఆగేదాకా విన్నాడు.

"జవాబిస్తావా?" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు. కాసేపు కిటికీ ఎండకి ముఖం పెట్టి కూర్చున్నాడు.

"పరీక్ష పోయినందుకు నాకేం లేదు వీణా," అన్నాడు. "నాన్న సంగతి కూడా ఎప్పటికో అప్పటికి సర్దుకుంటానేమో. వీడే. వీడు రోజూ నాలుగయ్యేసరికి మెట్లెక్కుతుంటే ఆ చప్పుడుకి నేను ముందే లేచి నిలబడేవాణ్ణి. అప్పుడు వాడు నా ముఖం చూస్తున్నాడు కదా. నేనెంత సంతోషపడుతున్నానో రోజూ చూశాడు కదా."

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.